మేకలు వేసిన తోట, నాకు కప్పిన శాలువా

ఒక తోట బరువు ఎంత ఉంటుందో మీకు తెలియదు. నాకు తెలుసు. ఏళ్ల తరబడి దాన్ని గుండెల మీద పెట్టుకుని మోస్తున్నాను. కూర్చున్నా అదే, పడుకున్నా అదే. వెయ్యి చెట్ల తోట.

వెయ్యి లేవు. చూశారా? మొదలుపెట్టి నాలుగు మాటలు కాలేదు, అప్పుడే పెంచేశాను. వందకు అటూ ఇటూగా ఉంటాయి, అదీ కొట్టేసినవి కలుపుకుంటే. ఇదీ నా జబ్బు. నా నోట్లో పడిన సంగతి ఏదీ పడినంత పరిమాణంలో బయటికి రాదు. పిల్లి పడితే పులి వస్తుంది. దానికి తగ్గ ఉద్యోగమే దొరికింది కూడా. బస్సు కండక్టరుని. కంభం, గిద్దలూరు, మార్కాపురం దారుల్లో నిలబడి బతికాను. కాలు పెట్టే సందు లేని బస్సులో "వెనకంతా ఖాళీనే, జరగండి నాయనా, జరగండి" అని అరిచేవాణ్ణి. ఖాళీ లేదని జనానికి కళ్లెదుట కనబడుతూనే ఉండేది. అయినా జరిగేవాళ్లు. గట్టిగా చెబితే లేనిది కూడా ఉంటుందని నేను అక్కడే నేర్చుకున్నాను.

నా పేరు చెప్పను. ఊరి పేరూ చెప్పను. పలకలు చేసే వైపు అనుకోండి, చాలు. మిమ్మల్ని పక్క సీట్లో కూర్చున్న ప్రయాణికుడు అనుకుంటాను. మీరు దిగేలోగా చెప్పేయాలి. ఆగితే మళ్లీ చెప్పలేను.

మా ఊళ్లో చెట్లూ తోటలూ పెంచి ఊరిని పచ్చగా చేసినవాళ్లకు ఏటా ఒక పురస్కారం ఇస్తారు. మొట్టమొదటి ఏడు అది నాకిచ్చారు. ఊరి బయట బోడి దిబ్బను తోట చేసిన మహానుభావుడినని. ఆ తోట నేను వేయలేదు. ఒక్క మొక్క నాటలేదు. ఒక్క చెంబుడు నీళ్లు పోయలేదు. చెంబు సంగతి తర్వాత చెబుతాను.

మరి ఎవరు వేశారు?

మేకలు.

నవ్వితే నవ్వండి గానీ వినండి. గనుల నుంచి పలకరాయి మా ఊళ్లోకి వస్తుంది. దాన్ని చీల్చి, కోసి, పనికొచ్చినంత పలకలు చేస్తారు. పనికిరాని చెక్కు బయట పారబోస్తారు. తరాలుగా అలా పారబోసింది మా వీధి చివర ఒక దిబ్బ అయింది. నల్లగా ఉండేది. ఎండాకాలం పెనంలా కాలేది. గడ్డిపోచ మొలిచేది కాదు. ఆ వీధిలో ఆఖరి ఇల్లు మాది కాబట్టి ఆ సెగ మా వంటింట్లోకి కూడా వచ్చేది.

ఆ దిబ్బ మీదికి గురవయ్య వచ్చాడు. రాచర్ల వైపు మనిషి. ఎండలు ముదిరేసరికి మేకల మందను తోలుకుని మా ఊరి పక్కకు చేరేవాడు. మా వైపు ఒక పద్ధతి ఉంది. పొలం ఉన్నవాళ్లు మందగాణ్ణి పిలిచి, పొద్దు గూకాక మందను తమ చేలో పడుకోబెట్టించుకుంటారు. పెంట పడుతుంది, చేనికి బలం. దానికి బదులుగా మందగాడికి గింజలిస్తారు, అన్నం పెడతారు. మంచి మంద వచ్చిందంటే నా చేలోకి ముందు, నా చేలోకి ముందు అని రైతులు పోట్లాడుకుంటారు. గురవయ్య మంద కోసం ఎవరూ పోట్లాడేవాళ్లు కాదు. మంద మంచిదే. నోరు మంచిది కాదు. రైతు ఇంటి నుంచి వచ్చిన సంగటి చూసి, "ఇది నాకా, నా కుక్కకా" అని ఆ ఇంటి ఆడవాళ్ల ఎదుటే అడిగేవాడు. ముసలి మేకపోతును లేతదని అమ్మేవాడు. కొన్నవాడు మర్నాడు వచ్చి తగువు పెట్టుకుంటే, "పోతు లేతదే నాయనా, నీ పండ్లే ముసలివి" అనేవాడు. పిలిచే చేను లేక, పోయే చోటు లేక, ఆ చెక్కు దిబ్బ మీద దొడ్డి కట్టుకున్నాడు.

దొడ్డి అంటే గోడలేం ఉండవు. ముళ్లకంప కొట్టుకొచ్చి గుండ్రంగా పేరుస్తారు. లోపల మేకలు. అవి పగలంతా ఊరి చుట్టూ తుమ్మకాయలు, రేగుపళ్లు, వేపపళ్లు మేసొచ్చి, దొడ్లో పడుకుని నెమరేస్తూ గింజలు ఉమ్మేవి. కొన్ని పెంటలో పడేవి. ఒకే చోట ఎక్కువ రోజులు ఉంచితే మేకలకు పిడుదులు పడతాయని, కొన్నాళ్లకు పక్కనే ఇంకో దొడ్డి కట్టేవాడు. పాత కంప తీయాలంటే బద్ధకం. అక్కడే వదిలేసేవాడు. వానలు మొదలయ్యేసరికి మందను నల్లమల అంచులకు తోలుకుపోయేవాడు. ఆ వానకు పాత దొడ్లో, మందపాటి పెంట పొరలో గింజలు మొలిచేవి. చుట్టూ కంప ఉంది కాబట్టి తర్వాతి ఏడు వచ్చిన మేకలకు కూడా అందేవి కావు. అలా ఏళ్లు గడిచాయి. గురవయ్యకు చెట్లు పెంచాలనే ఉద్దేశం ఇసుమంతైనా లేదు. ఉందని ఎవరైనా అంటే తిట్టి ఉండేవాడు. నోటి దురుసు వల్ల చేలు దొరకని మనిషి, బద్ధకం వల్ల కంప తీయని మనిషి, వాళ్లిద్దరూ ఒక్కడే కావడం వల్ల ఆ తోట అయింది. అది నేను మా ఇంటి అరుగు మీద కూర్చుని చూశాను. చూస్తూ చూస్తూ ముసలివాణ్ణయ్యాను. నాకు తెలియదనడానికి లేదు.

ఇక చెంబు.

ఇంట్లో మరుగుదొడ్డి ఉంది. అయినా పొద్దున్నే చెంబు పట్టుకుని ఆరుబయటికి పోయే అలవాటు నాకు చావలేదు. తోట పెరిగాక ఆ అలవాటుకు నీడ కూడా దొరికింది. ఒకరోజు పని ముగించుకుని వస్తున్నాను. చెంబులో నీళ్లు కొంచెం మిగిలితే ఒక వేపచెట్టు మొదట్లో పారబోశాను. తల ఎత్తేసరికి ఎదురుగా తెల్ల బూట్లు వేసుకుని నడకకు వచ్చిన పెద్దమనిషి. అప్పుడే మా ఊళ్లో కొందరు పెద్దలు కలిసి పచ్చదనం సంఘం అని ఒకటి పెట్టుకున్నారు. దానికి అధ్యక్షులు ఆయన.

"ఈ చెట్లకు నీళ్లు పోసేది మీరేనా?" అన్నారు.

ఏం చెప్పమంటారు? చేతిలో చెంబు. ఎదురుగా అధ్యక్షులు. ఉన్న మాట చెప్పుకునే సందర్భం కాదు గదా అది. "నేనేనండీ" అన్నాను.

అక్కడితో ఆగి ఉంటే అది సిగ్గు దాచుకోవడం. దాన్ని తప్పని ఎవరూ అనరు. కానీ ఆయన కళ్లలో ఒక వెలుగు కనిపించింది. సీటు దొరికిన ప్రయాణికుడి కళ్లలో ఉంటుందే, అలాంటిది. ఆ వెలుగు కోసం ఇంకో మాట అన్నాను. రోజూ పోస్తానండీ అన్నాను. ఎన్నాళ్లుగా అంటే, రిటైరైనప్పటి నుంచి అన్నాను. ఆయన నా చేయి పట్టుకున్నారు. చెంబు ఉన్న చేయి.

తర్వాత ఖాసిం టీ దుకాణంలో ఆ కథ నా ప్రమేయం లేకుండానే పెరిగింది. ఇదీ అబద్ధమే. నా ప్రమేయంతోనే పెరిగింది. మొదట చెంబు, తర్వాత బిందె, ఆ తర్వాత కావడి. మోకాళ్ల నొప్పులు వచ్చింది కావడి మోసే అని కూడా ఒకరోజు చెప్పాను. కండక్టరు పనిలో నిలబడి నిలబడి వచ్చిన నొప్పులవి. ఖాసిం నా గ్లాసు కడుగుతూ, "మామా, ఆడివి గురవయ్య దొడ్లు గదా" అన్నాడు. కన్ను కొట్టాను. నవ్వాడు. అక్కడున్న వాళ్లంతా నవ్వారు. తెలిసినవాళ్లకు అదొక తమాషా. ముసలాడు పెద్దమనుషుల్ని బలే బోల్తా కొట్టిస్తున్నాడని వాళ్ల సంబరం. నా మీద నాకున్న కోపంలో ఒక పాలు ఈ నవ్వుల మీద కూడా ఉంది. ఎవడైనా ఒక్కడు టీ గ్లాసు బల్ల మీద కొట్టి, ఏంది మామా ఈ అన్యాయం అని అని ఉంటే ఏమయ్యేది? ఎవడూ అనలేదు. అనాల్సిన పని వాళ్లది కాదని ఇప్పుడు మీరు అంటారు. నిజమే. నాదే.

ఆ సంఘం పెట్టిన పురస్కారం కోసం తోట చూడటానికి నిర్ణేతలు ముగ్గురు, వాళ్ల వెంట అధ్యక్షులు వచ్చారు. వానాకాలం, గురవయ్య మంద నల్లమల వైపు ఉంది. కారు దిగిన దగ్గర్నుంచి బూట్లకు అంటుకున్న పెంట చూసుకోవడమే సరిపోయింది వాళ్లకు. ఆ పెంట ఏమిటి, అది ఇక్కడికి ఎలా వచ్చింది అని ఒక్కరైనా అడగలేదు. అడిగి ఉంటే నా పని అయిపోయేది. ముగ్గురిలో చదువుకున్నాయన ఒకరు మాత్రం చెట్లన్నీ గుండ్రంగా, గుంపులు గుంపులుగా ఎందుకున్నాయని అడిగారు. కళ్లు ఉన్న మనిషి. అది దొడ్డి ఆకారమండీ అని చెప్పాల్సిన చోటు అదే.

"అది వలయ పద్ధతండీ" అన్నాను. "గుండ్రంగా నాటితే ఒక చెట్టుకు పోసిన నీళ్లు పక్క చెట్టుకు కూడా అందుతాయి. నా సొంత ఆలోచన."

రాసుకున్నారు. నా ఎదుటే, తల ఊపుకుంటూ రాసుకున్నారు. అడవిలోని చెట్టుకూ పెరట్లోని చెట్టుకూ తేడా తెలియని ఒక కండక్టరు నోటికొచ్చింది వాగితే రాసుకున్నారు. నాకు ఆ రోజు గర్వంగా ఉంది. ఇప్పుడు ఆ రాతలు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. పచ్చదనానికి మార్కులు వేయడానికి వచ్చినవాళ్లు, ఒక ఆకు తుంపి వాసన చూడలేదు, ఒక గుప్పెడు మట్టి చేతిలోకి తీసుకోలేదు, వచ్చారు, నీళ్ల సీసాలు తాగారు, ఖాళీ సీసాలు ఆ వేపచెట్ల కిందే పారేసి పోయారు. ఆ సీసాలు ఏరింది మాత్రం నేనే. నమ్మండి, అది నిజం. ఆ తోటకు నేను చేసిన సేవ అదొక్కటే.

పోతూ పోతూ అధ్యక్షులు అడిగారు. "మరి మేకలు పడవా?"

ఈ ప్రశ్నకు నేను ఏమీ చెప్పనక్కరలేదు. తల ఊపితే చాలు. వాళ్లు ఇవ్వాలనుకున్నది ఇచ్చేసేవాళ్లు. చెట్లు నావే అయ్యాయి, పద్ధతి నాదే అయింది, శాలువా మడతలు విప్పడమే ఆలస్యం. ఇంకా నాకేం కావాలి?

"మేకలతోనేనండీ నా యుద్ధమంతా" అన్నాను. "ఎండాకాలం గురవయ్యని ఒకడు వస్తాడు. కర్ర పట్టుకుని కాపలా కాయకపోతే ఒక్క ఆకు మిగలనివ్వడు."

పేరు పెట్టి చెప్పాను. ఎందుకు చెప్పాను? దాని దగ్గరికి వస్తాను. అది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

సభ బాగా జరిగింది. శాలువా కప్పారు, దండ వేశారు. మా ఊరి పద్ధతికి తగ్గట్టు జ్ఞాపికను పలక ఆకారంలో చేయించారు. అసలు పలక మీద తప్పు రాస్తే తడి గుడ్డతో తుడిచేయొచ్చు. దీని మీద నా పేరు చెక్కించారు. నేను మాట్లాడాను. మేకల గురించి మాట్లాడినప్పుడే చప్పట్లు ఎక్కువ పడ్డాయి, కాబట్టి వాటి గురించే ఎక్కువ మాట్లాడాను. మందను ఒంటరిగా ఎదిరించానన్నాను. ఒక పోతు కుమ్మితే ఇక్కడ తగిలిందని పంచె కొంచెం పైకెత్తి పాత మచ్చ చూపించాను. బస్సు మెట్టు తగిలిన మచ్చ.

ఆ చప్పట్ల వేడి చల్లారకముందే సంఘం ఒక నిర్ణయం చేసింది. దిబ్బ సొంతదార్లతో మాట్లాడి చుట్టూ ముళ్లతీగ వేయించారు. గేటు, కాపలా మనిషి, బోర్డు. బోర్డు మీద మేక బొమ్మ గీయించి దాని మీద ఎర్రగా అడ్డ గీత.

ఎండాకాలం వచ్చింది. గురవయ్య వచ్చాడు. మేకలకు బోర్డు చదవడం రాదు. ఏళ్ల తరబడి పడుకున్న చోటికి అవి తీగ సందుల్లోంచి దూరాయి. కాపలా మనిషి పట్టి, సంఘం వాళ్ల రేకుల షెడ్డు వెనక ఆవరణలో తోలి తాళం వేశాడు. జరిమానా కడితేనే వదులుతామన్నారట.

గురవయ్య మా ఇంటికొచ్చాడు. మిట్టమధ్యాహ్నం. అరుగు ఎక్కలేదు. కింద ఎండలోనే నిలబడ్డాడు.

"మామా, నా మేకల్ని కట్టేసినారు. నువ్వు చెప్తే ఇడిసిపెడతారంట."

"నేనెవర్నిరా చెప్పేదానికి?"

"నువ్వే గదంట తోట ఏసింది." నవ్వాడు. "ఎప్పుడేసినావు మామా? నేను పండుకున్యాక వచ్చి ఏసిపోయినావా?"

నేను విసనకర్ర ఊపుకుంటున్నాను. ఊపుతూనే ఉన్నాను.

"పోనీలే. నువ్వే ఏసినావనుకుందాం. శాలువా నీకే, దండా నీకే. ఈ ఎండలో శాలువా నేనేం జేసుకుంటా? ఒక సూడి మేక ఉంది మామా దాంట్లో. రేపో మాపో ఈనుతాది. ఆడ నీడ లేదు, రేకుల సెగ. నీళ్లు పెట్టినారో లేదో తెలీదు, నన్ను లోపలికి రానీరు. లే మామా. ఇద్దరం పోదాం. ఒక్క మాట చెప్పు."

లేవాలనిపించింది. ఇక్కడ నేను పెంచడం లేదు. నిజంగానే అనిపించింది. కాళ్లు కిందికి దించాను కూడా. కానీ పోయి ఏమని చెప్పాలి? గురవయ్య మేకల్ని వదలండి అంటే ఎందుకంటారు. ఎందుకో చెప్పడం మొదలుపెడితే చెంబు దాకా పోవాలి. కాళ్లు మళ్లీ పైకి ముడుచుకున్నాను.

"మేకలు చెట్లకు చేటు గురవయ్యా. ఊరి కోసం చేస్తాండారు వాళ్లు. నేను అడ్డం చెప్తే ఏం బాగుంటాది?" అన్నాను.

గురవయ్య తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది, నేనూ తిట్టేవాణ్ణి, అంతటితో పోయేది. అతను తలపాగా తీసి మొహం తుడుచుకుని అన్నాడు.

"టిక్కెట్టు లేనోణ్ణి నడిరోడ్డు మీద దింపేవాడివి గదా మామా నువ్వు. మరి నువ్విప్పుడు ఏ టిక్కెట్టు మీద కూచున్నావు?"

పోయాడు.

సూడి మేక ఆ షెడ్డు వెనకే చచ్చిపోయింది. కడుపులో రెండు పిల్లలట. ఖాసిం చెప్పాడు. ఈసారి నవ్వలేదు. జరిమానా కట్టడానికి గురవయ్య మందలో మంచివాటిని కంభం సంతకు తోలాడని, మిగిలిన వాటితో రాచర్ల వైపు వెళ్లిపోయాడని కూడా ఖాసిమే చెప్పాడు. ఆ రోజు నా గ్లాసు నా ముందు పెట్టి, పొయ్యి వైపు తిరిగాడు. టీ చల్లారింది.

ఇప్పుడు, గురవయ్య పేరు ఎందుకు చెప్పానో దాని దగ్గరికి వస్తాను.

నేను ఇంతవరకు చెప్పింది వింటే మీకేమనిపించి ఉంటుంది? ముసలాడు, గొప్పలు చెప్పుకునే అలవాటు, మాట జారి ఇరుక్కున్నాడు, పాపం. ఇంతే గదా? మీకు అలా అనిపించాలనే అలా చెప్పుకుంటూ వచ్చాను. నాకు నేను కూడా ఇన్నేళ్లూ అలాగే చెప్పుకున్నాను. అది సగం.

మా పెరట్లో కరివేపాకు చెట్టు ఉండేది. నా భార్య పెంచుకున్నది. వీధి వీధంతా వచ్చి రెమ్మలు తుంచుకుపోయేవాళ్లు. ఒక ఎండాకాలం గురవయ్య మేక గోడ దూకి దాన్ని మొదలు దాకా గీకేసింది. నేను ఖాసిం దుకాణం దగ్గర గురవయ్యను పట్టుకుని నిలదీశాను. పదిమంది పోగయ్యారు. కాదు, ఆరేడుగురు. గురవయ్య టీ ఊదుకుంటూ, "పోనీ మామా, బస్సులో నువ్వు మేసినంత నా మేక మేసిందా?" అన్నాడు.

ఎంత నవ్వారో. టీ గొంతుకు అడ్డం పడి ఒకడు దగ్గాడు. ఉద్యోగమంతా ఎవరి చేతా ఒక్క మాట అనిపించుకోని మనిషిని నేను. అదీ నిజం కాదు. చిల్లర లేదని చెప్పి దిగేటప్పుడు ఇవ్వని రోజులున్నాయి, సంతకు పోయే కోళ్ల బుట్టకు టిక్కెట్టు కొట్టకుండా కోడిగుడ్లు పుచ్చుకున్న రోజులున్నాయి. అందుకే ఆ మాట అంత లోతుగా దిగింది. అబద్ధమైతే నేనూ నవ్వేవాణ్ణి.

ఆ మాటను ఏళ్ల తరబడి నెమరేశాను. మేకలు గింజైనా బయటికి ఉమ్ముతాయి. నేను ఉమ్మలేదు. అధ్యక్షులు "మేకలు పడవా" అని అడిగిన క్షణంలో నాకు గుర్తొచ్చింది ఆ టీ దుకాణమే. గురవయ్య పేరు నా నోట్లోంచి జారలేదు. నేనే తీసి వాళ్ల చేతిలో పెట్టాను. తెలిసే పెట్టాను. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. కరివేపాకు చెట్టు మళ్లీ చిగురించిందని చెప్పడం మర్చిపోయాను. అది ఆ వానలకే చిగురించింది. మేక గీకినందుకో ఏమో, ముందుకంటే గుబురుగా లేచింది.

ఇప్పుడు ఆ తోట ఎలా ఉందో చెబితే మీకూ కోపం వస్తుంది. రావాలి. ముళ్లు గుచ్చుకుంటున్నాయని తుమ్మ చెట్లు కొట్టేశారు. రేగు పొదలు పీకేశారు, పాములుంటాయట. వేపలు మిగిలాయి. వాటి మొదళ్ల చుట్టూ సిమెంటు చప్టాలు కట్టి రంగులేశారు. పెంట వాసన వస్తోందని పైమట్టి ఎత్తిపోసి, ఎక్కడి నుంచో గడ్డి చాపలు తెచ్చి పరిచారు. తాగే నీళ్లకు జనం ట్యాంకరు వెనక పరుగెత్తే ఊళ్లో ఆ గడ్డికి పైపు పెట్టి నీళ్లు కొడుతున్నారు. ఆ తర్వాత ఆ నేల మీద కొత్త వేపమొక్క ఒక్కటి మొలవలేదు. ఇక నా వలయ పద్ధతి. దాన్ని ఊళ్లో ఇంకో నాలుగు చోట్ల పెట్టారు. గుండ్రంగా గుంతలు తీసి, గుండ్రంగా మొక్కలు నాటి, రిబ్బను కత్తిరించి, ఫొటోలు దిగారు. అన్నీ ఎండిపోయాయి. ఎందుకు ఎండిపోయాయో సలహా చెప్పమని నన్నే పిలిచారు. వెళ్లాను. శాలువా కప్పుకునే వెళ్లాను. నేల గుణం అని చెప్పి వచ్చాను.

ఈ ఏడు తోటకు కమాను కట్టి దాని మీద నా పేరు రాయిస్తామని వచ్చారు. ఎందుకో ఆ రోజు నా నోరు పెద్దది కాలేదు. అధ్యక్షుల ఇంటికి వెళ్లి, తలుపు దగ్గరే నిలబడి చెప్పాను. అయ్యా, ఆ చెట్లు నేను నాటలేదు, అవి గురవయ్య మేకల దొడ్లు, గింజలు మేకలు ఉమ్మినవి. చెంబు సంగతి కూడా చెప్పాను. నా జీవితంలో ఇంత సూటిగా నేను ఏదీ చెప్పలేదు.

ఆయన వింటూ వింటూ నవ్వారు. లోపలున్న మనుషుల్ని పిలిచి, "విన్నారా, ఇంత చేసి ఆ ఘనత మేకలకు ఇచ్చేస్తున్నారు. పెద్దవాళ్ల వినయం అంటే ఇది" అన్నారు. ఆ మాట కమాను మీద నా పేరు కింద రాయించాలని కూడా అన్నారు.

ఏం మనుషులు వీళ్లు? లేనిది చెబితే రాసుకున్నారు, ఉన్నది చెబితే నవ్వుతున్నారు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆయన మీద అనుకున్నాను. మెట్లు దిగేసరికి తెలిసింది, ఆయన్ని అలా తయారుచేసింది ఎవరు? ఖాళీ లేని చోట జరగండి జరగండి అని అరిచింది ఎవరు? జరిగారు. ఇప్పుడు వెనక్కి జరగమంటే ఎక్కడికి జరుగుతారు?

గిద్దలూరు దాకా బస్సులో, అక్కడి నుంచి రాచర్లకు ఆటోలో పోయాను. గురవయ్యను వెతుక్కోవడం కష్టం కాలేదు. అతని నోరు తెలియనివాళ్లు ఆ వైపు లేరు. రోడ్డు పక్క ఒక తుమ్మచెట్టు కింద దోటితో కాయలు రాలుస్తున్నాడు. చుట్టూ కొన్ని మేకలు. మంద అనడానికి లేదు. నన్ను చూసి పని ఆపలేదు. నేను చెప్పాను. చెట్లది, పేరు పెట్టి చెప్పినది, కరివేపాకుది, సూడి మేకది, అంతా. ఎక్కడా పెంచలేదు, తగ్గించలేదు. తగ్గించడం కూడా ఒక రకం గొప్పే కదా.

గురవయ్య ఇంకో కొమ్మ కిందికి వంచాడు. కాయలు రాలాయి. మేకలు నా కాళ్ల మధ్య నుంచే దూరి ఏరుకున్నాయి.

"ఇంత దూరం పన్యాగట్టుకొని వచ్చి నాకెందుకు చెప్తాండావు మామా? ఇదంతా నాకు తెల్సిందే గదా. తెలీనోళ్లకు చెప్పుకోపో."

దోటి భుజాన వేసుకుని మేకల వెంట నడిచాడు. కూర్చో అనలేదు, నీళ్లు తాగుతావా అనలేదు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

తెలీనివాళ్లెవరా అని తిరుగు బస్సులో ఆలోచించుకుంటూ వచ్చాను. మా ఊళ్లో తెలిసినవాళ్లంతా తెలిసి నవ్వినవాళ్లే. తెలియనివాళ్లకు చెబితే వినయమన్నారు. మిగిలింది మీరు. మిమ్మల్ని క్షమించమని అడగడం లేదు. మీకా హక్కు లేదు. ఉన్నవాడు దోటి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. గుండెల మీది బరువు దిగిందా అంటే, దిగలేదు. కానీ ఇన్నాళ్లూ అది తోట ఆకారంలో, శాలువా ఆకారంలో, పలక ఆకారంలో ఉండేది. ఇప్పుడు దాని అసలు ఆకారంలో ఉంది. రేకుల షెడ్డు వెనక ఒక సూడి మేక. అంత బరువే. అంతకు ఎక్కువా లేదు, తక్కువా లేదు.

మీరు ఎప్పుడైనా మా వైపు వస్తే ఆ తోటకు పోండి. కమాను మీద నా పేరు ఉంటుంది. లోపల మిగిలిన వేపచెట్లు గుండ్రంగా నిలబడి ఉంటాయి. పక్కనున్న వాళ్లెవరైనా ఇలా గుండ్రంగా ఎందుకున్నాయని అడిగితే, ఇక్కడ గురవయ్య మేకలు పడుకునేవి అని చెప్పండి. దానికి ఒక్క మాట కూడా కలపకండి.